రోస్టర్‌లో రాత: సైన్యంలో ధర్మగురువుగా నా అనుభవం

నేను ఫౌజులో చేరడానికి మొదట అడ్డం పడింది వేదమూ కాదు, వ్యాకరణమూ కాదు. పరుగు. పదహారు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాల్లో. తిరుపతి విద్యాపీఠంలో శాస్త్రి చదివి, కర్మకాండలో ఏడాది డిప్లొమా చేసి, నాన్నగారి వెనకాల హారతి పళ్లెం పట్టుకుని పెరిగినవాణ్ణి. అప్పటిదాకా నేను పరిగెత్తిందంటూ ఉంటే అది కదిలిపోతున్న బస్సు వెనకాలే. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో హైస్కూల్ గ్రౌండులో తెల్లారకముందే రౌండ్లు కొడుతుంటే, వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దమనిషి ఆగి మరీ అడిగాడు: "ఏం పంతులూ, దక్షిణ ఎగ్గొట్టి ఎవరైనా పారిపోతున్నారా?"

సైన్యంలో ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మా ఊళ్లో ఎవరికీ తెలీదు. నాకూ ఉద్యోగ ప్రకటన చూసేదాకా తెలీదు. పేరు రిలిజియస్ టీచర్. వాడుకలో ధర్మగురు. పండిత్, సిక్కుల గ్రంథీ, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు, ఇలా యూనిట్‌లో ఉన్న జవాన్ల మతాన్ని బట్టి తీసుకుంటారు. చేరడమే నాయబ్ సుబేదార్‌గా, అంటే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్)గా. డిగ్రీ ఉండాలి, దాని మీద ఎవరి మతానికి సంబంధించిన చదువు వాళ్లకుండాలి. ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 77, బరువు 50 కిలోలు. నా బరువు నలభై ఎనిమిది దగ్గర ఆగిపోయి, అమ్మ రెండు నెలలు పెరుగూ అరటిపళ్లూ పెట్టి ఆ రెండు కిలోలు ఎక్కించింది.

ఆ ప్రకటనలో విధుల జాబితా ఉంది. దాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను. పూజలు, ప్రవచనాలు ఎటూ ఉంటాయి. వాటితో పాటు అంత్యక్రియలకు హాజరు కావాలి, ఆస్పత్రిలో ఉన్నవాళ్లను పలకరించాలి, కోలుకుంటున్నవాళ్లతో కలిసి ప్రార్థన చెయ్యాలి, శిక్ష అనుభవిస్తున్న సైనికుల దగ్గరికి వెళ్లాలి, వాళ్ల కుటుంబాలనీ పిల్లల్నీ చూసుకోవాలి. పూజలొక్కటే నాకు చేతనయినవి. మిగతావి ఏ పాఠశాలలోనూ నాకెవరూ నేర్పలేదు.

పరుగు ఏడు నిమిషాల చిల్లరలో అయిపోయింది. రాత పరీక్ష రెండు పేపర్లు, ఒకటి జనరల్ అవేర్‌నెస్, రెండోది మన మతానికి సంబంధించింది. అది నాకు నల్లేరు మీద బండి నడక. ఇంటర్వ్యూ అలా కాదు. బోర్డులో ఉన్న ఆఫీసర్ నా సర్టిఫికెట్ల వంక చూడనైనా చూడకుండా అడిగాడు: "పోస్టు మీద ముస్లిం జవాను చనిపోయాడు. మౌల్వీ లేడు, మూడు రోజుల దాకా రాలేడు. అక్కడున్నది నువ్వొక్కడివే. ఏం చేస్తావు?"

నోటికొచ్చింది చెప్పబోయి ఆగాను. మా వీధి చివరనే మసీదు. చిన్నప్పటి నుంచీ జనాజాలు చూసినవాణ్ణి. "అక్కడ ఇంకో ముస్లిం జవాను ఉంటే ఆయన్నే ముందు నిలబడి నమాజు చేయించమంటాను సార్. అందుకు మౌల్వీయే కానక్కర్లేదని విన్నాను. నేను పాడె మోస్తాను" అన్నాను. ఆయన తల ఎత్తకుండా ఏదో రాసుకున్నాడు. ఆ జవాబు సరైందో కాదో నాకెవరూ చెప్పలేదు గానీ పిలుపు మాత్రం వచ్చింది.

ప్రాథమిక సైనిక శిక్షణ తర్వాత పుణేలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంటిగ్రేషన్‌కు పంపించారు. ధర్మగురువులందరికీ శిక్షణ అక్కడే. మా గదిలో నలుగురం: నేను, పంజాబ్ నుంచి గ్రంథీ, ఉత్తరప్రదేశ్ నుంచి మౌల్వీ, మిజోరం నుంచి పాద్రీ. మొదటి వారం నలుగురం నాలుగు మూలలు. ఎవరి సబ్బు వాళ్లది, ఎవరి గ్లాసు వాళ్లది. తరగతిలో ఒకరి మతం గురించి ఒకరం పాఠాలు వింటున్నాం, గదికొచ్చి తలుపు పక్కన చెప్పులు ఎవరివి ఎక్కడుండాలో తగాదా పడుతున్నాం.

నిజంగా నేర్చుకున్నది రాత్రిపూట కబుర్లలో. గ్రంథీజీ భాయీ కన్హయ్యా గురించి చెప్పాడు. ఆనందపూర్ యుద్ధంలో దెబ్బతిన్న శత్రువులకు కూడా నీళ్లు పోస్తున్నాడని ఫిర్యాదు వస్తే, గురు గోవింద్ సింగ్ ఆయన్ని పిలిచి, తప్పు పట్టకపోగా, గాయాలకు రాయమని మందు కూడా ఇచ్చి పంపాడట. పాద్రీ గారు డార్చెస్టర్ ఓడ సంగతి చెప్పాడు. 1943 ఫిబ్రవరి 3న గ్రీన్‌లాండ్ దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ ఆ అమెరికన్ ఓడను పేల్చింది. అందులో నలుగురు సైనిక మతగురువులున్నారు, ఇద్దరు ప్రొటెస్టెంట్లు, ఒక కేథలిక్, ఒక యూదు రబ్బీ. లైఫ్ జాకెట్లు చాలలేదు. నలుగురూ తమవి విప్పి పక్కవాళ్లకిచ్చేసి, చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకుంటూ ఓడతో పాటే మునిగిపోయారు. ఆయన అది చెప్పాక గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మౌల్వీ సాబ్ కథలు చెప్పే మనిషి కాదు. తెల్లవారుజామున తన నమాజుకు లేచి, పీటీకి టైమవుతోందని మమ్మల్ని ముగ్గుర్నీ తట్టి లేపేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన చేసిన మేలే ఎక్కువ.

పాద్రీ దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. వాళ్లలో పాపం ఒప్పుకోడం అని ఉంది కదా, విన్నది చచ్చినా బయటపెట్టకూడదు. "మీ దాంట్లో అది లేదు, కానీ జవాను అదేం చూడడు. నీకు చెప్పింది లంగర్‌లో, అదే వంటశాలలో, ఇంకొకడి నోట వినపడిందా, ఆ రోజుతో నీ మందిరం ఖాళీ" అన్నాడు. ఆ మాటను నేనొక్కసారి తప్పాను. అది తర్వాత చెప్తాను.

మొదటి పోస్టింగ్ దక్షిణాది కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న ఒక ఫిరంగుల యూనిట్‌కు. నా మొదటి మందిర్ పరేడ్ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. వారానికోసారి యూనిట్ మొత్తం, ఆఫీసర్లతో సహా, మందిరంలో కూర్చుంటుంది. నేను రాత్రంతా తయారై స్థితప్రజ్ఞుడి లక్షణాల మీద నలభై నిమిషాలు హిందీలో ఉపన్యాసం ఇచ్చాను. అందులో సగం సంస్కృతం. మూడో వరసలో ఒకడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. వాడి తల పక్కవాడి భుజం మీద, వాడి తల వాడి పక్కవాడి భుజం మీద. పరేడ్ అయ్యాక సుబేదార్ మేజర్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. తమిళుడు. నవ్వుతూనే అన్నాడు: "పండిత్‌జీ, బహుత్ అచ్ఛా బోలా. వీళ్లు రాత్రంతా గార్డ్ డ్యూటీ చేసొచ్చారు. మీకు పదిహేను నిమిషాలు. అందులో పది భజన."

అప్పటి నుంచి ఢోలక్ ముందుకొచ్చింది, నేను వెనక్కి తగ్గాను. మిగిలిన ఐదు నిమిషాల్లో ఒక కథ, ఒకే మాట. బాగా పనికొచ్చింది అశ్వత్థామ కథ. మా కుర్రాళ్లు కొందరు కశ్మీర్ డ్యూటీకి వెళ్లబోతున్నారు. సాధారణ జనంతో ఎలా మసలుకోవాలో ఆర్మీ చీఫ్ పది ఆజ్ఞలు ఉంటాయి, అవి అందరికీ బట్టీ పట్టిస్తారు. ఆజ్ఞ వేరు, అది కడుపులోకి దిగడం వేరు. నేను కథే చెప్పాను. నిద్రపోతున్న పిల్లల్ని చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తే, ఆవిడ వాణ్ణి చూసి ముందు వాళ్లమ్మ గుర్తొచ్చి, నేను ఏడుస్తున్నట్టు ఆవిణ్ణి ఏడిపించొద్దంటుంది. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. కథయ్యాక ఒక కుర్రాడు లేచి అడిగాడు: "పండిత్‌జీ, మరి వాణ్ణి వదిలేస్తే మళ్లీ వచ్చి చంపితే?" నా దగ్గర తయారుగా జవాబు లేదు. "మణి తీసేసుకున్నారు కదా" అన్నాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, "అంటే ఆయుధం లాక్కోవాలి, ప్రాణం తియ్యక్కర్లేదు" అన్నాడు. నా కంటే వాడే బాగా చెప్పాడు. తర్వాత రెండు మూడు చోట్ల ఆ మాట నాదే అన్నట్టు వాడేసుకున్నాను.

కసమ్ పరేడ్‌లో గీత పట్టుకుని నిలబడే భాగ్యం కూడా దక్కింది. కొత్తగా శిక్షణ పూర్తయిన కుర్రాళ్లు వరసగా నిలబడతారు. మేం ధర్మగురువులం ఎవరి గ్రంథం వాళ్లం పట్టుకుని నిలబడతాం. రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని, నేల మీదైనా నీటి మీదైనా గాలిలోనైనా ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానని, ప్రాణం పోయే ప్రమాదమున్నా ఆజ్ఞ పాటిస్తానని ప్రమాణం. ఒక చిన్న సంగతి చాలామందికి తెలీదు. దేవుడి పేరు మీద వద్దనుకునేవాడు మనస్సాక్షిగా అని చెప్పి అదే ప్రమాణం చెయ్యొచ్చు. మా యూనిట్‌లో ఒకడు అలాంటివాడే, ఖమ్మం వైపు కుర్రాడు. మందిర్ పరేడ్‌కు తప్పకుండా వచ్చేవాడు, ఢోలక్ వాడే వాయించేవాడు, నాకు మాత్రం చేతులు జోడించేవాడు కాదు. "పంతులుగారూ, నాకు దేవుడు లేడు గానీ తాళం ఉంది" అనేవాడు. వాణ్ణి మార్చాలని మొదటి ఏడాది నేను చెయ్యని ప్రయత్నం లేదు. రెండో ఏడాది మానేశాను. మంచు కురుస్తున్న రాత్రి మూడింటికి ఎవడి బదులు ఎవడు గార్డుకు లేచాడని చూస్తే, నా లెక్కలో వాడే మొదటివాడు.

ఈ మత పరేడ్ల సంగతి 2025లో కోర్టులకెక్కింది. రెజిమెంట్ పరేడ్‌లో గర్భగుడిలో అడుగు పెట్టనన్న ఒక క్రైస్తవ ఆఫీసర్‌ని తొలగించడాన్ని ఢిల్లీ హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు సమర్థించాయి. తెలిసినవాళ్లు చాలామంది ఫోన్ చేసి నా అభిప్రాయం అడిగారు. చట్టం కోర్టులు చెప్పాయి. నేను చూసింది నేను చెప్తాను. మాకు ఒక క్రైస్తవ సీవో సాబ్, అంటే కమాండింగ్ ఆఫీసర్, ఉండేవాడు. దసరా ఆయుధ పూజకు ఫిరంగికి బొట్టు పెట్టేది ఆయనే. ఫిరంగుల రెజిమెంట్‌కు ఫిరంగే పతాకం, దాని ముందు ఎవరైనా తల వంచాల్సిందే. క్రిస్మస్‌కు సర్వధర్మ స్థల్‌లో, అంటే అన్ని మతాలకూ కలిపి ఉండే ప్రార్థనాస్థలంలో, కొవ్వొత్తుల వరస నేను పేర్చేవాణ్ణి. ఆయన ఏనాడూ నన్ను బైబిల్ చదవమనలేదు, నేను ఆయన్ని మంత్రం చెప్పమనలేదు. ఎదుటివాడి మనసులోకి ఎంతవరకు వెళ్లొచ్చో ఇద్దరికీ తెలుసు. ఆ గీత చెరిగిపోయిన చోట ఏ కోర్టు తీర్పైనా ఒకళ్లకు నొప్పే.

క్వార్టర్ గార్డ్ గురించి చెప్పాలి. శిక్ష పడ్డవాణ్ణి ఉంచేది అక్కడే. సెలవు మీద వెళ్లి పద్దెనిమిది రోజులు ఆలస్యంగా వచ్చిన ఒక కుర్రాడికి సీవో 28 రోజుల శిక్ష వేశాడు. తన అధికారంతో ఆయన వెయ్యగలిగిన ఖైదు అంతే. నేను మొదటి రోజు వెళ్లి క్రమశిక్షణ గురించి రెండు ముక్కలు చెప్పి వచ్చాను. రెండో రోజు వాడు నావైపు తిరగలేదు. మూడో రోజు నేనేం మాట్లాడకుండా కూర్చున్నాను. నాలుగో రోజు కూడా. ఐదో రోజు వాడే అన్నాడు, "పండిత్‌జీ, చిట్ఠీ రాసిపెడతారా?" వాడికి రాయడం రాక కాదు. చెయ్యి వణుకుతోంది. భార్యకు రెండోసారి గర్భం పోయింది, ఆవిణ్ణి ఒంటరిగా వదల్లేక ఆగిపోయాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక శిక్ష ఒప్పుకున్నాడు. నేను ఆ ఉత్తరం రాసి, వాడి అనుమతితో సంగతి సీవో సాబ్‌కు చెప్పాను. శిక్ష తగ్గలేదు. అది తప్పని కూడా నేను అనను. కానీ ఆ తర్వాత ఏడాది సెలవుల జాబితాలో వాడి పేరు మొదట ఉంది.

పాద్రీ మాట నేను తప్పిన సంగతి ఇదే ఏడాదిలో. ఒకడు రాత్రి పదకొండింటికి నా గదికొచ్చి, అప్పుల గొడవ, ఇంట్లో గొడవ అన్నీ చెప్పి, చివర్న "నాకింక బతకాలని లేదు" అన్నాడు. తెల్లారి వాడికి రైఫిల్‌తో డ్యూటీ ఉంది. పుణేలో మాకు కౌన్సెలింగ్ పాఠాల్లో చెప్పింది గుర్తుంది, ఇది పూజతో ఆపేది కాదు. వాణ్ణి గదిలోంచి కదలనివ్వకుండా టీ పెట్టి, ఖమ్మం కుర్రాణ్ణి లేపి పక్కన కూర్చోబెట్టి, నేను రెజిమెంట్ డాక్టర్ తలుపు కొట్టాను. ఆయుధం డ్యూటీ తీసేశారు, ఆస్పత్రికి పంపించారు. వాడు తిరిగొచ్చాక నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురైతే తల తిప్పుకునేవాడు. మందిరానికి రావడం మానేశాడు. నా మీద వాడికి నమ్మకం పోయింది. పోయినా ఫర్వాలేదనుకున్నాను. ఇప్పటికీ అంతే అనుకుంటాను.

మూడో ఏడు యూనిట్ ఎత్తు మీదికి వెళ్లింది. తొమ్మిది వేల అడుగులు దాటితే అక్కడ ఆరు రోజులు ఆగి ఒంటిని అలవాటు చెయ్యాలి, పన్నెండు వేలు దాటాక ఇంకో నాలుగు రోజులు, పదిహేను వేలు దాటాక మరో నాలుగు. పండిత్‌జీకి మినహాయింపు లేదు. ఆ పద్నాలుగు రోజులూ నేను శ్వాస ఎలా తీసుకోవాలో కొత్తగా నేర్చుకున్నాను. మంత్రం ఒక్క గుక్కలో చెప్పేవాణ్ణి, అక్కడ పాదానికోసారి ఆగాల్సొచ్చేది.

పోస్టు మీద మందిరం అంటే బంకర్‌లో ఒక అర. ఖాళీ కిరోసిన్ డబ్బా తిరగేసి దాని మీద పటాలు పెట్టారు, వినాయకుడు, అయ్యప్ప, వేళాంకణ్ణి మాత, ఎవడో అతికించిన మక్కా బొమ్మ, నాలుగూ ఒకే మసిలో. ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరినూనె సీసాలో రాయైపోయింది. లంగర్ నుంచి ఆవనూనె తెచ్చుకుని దీపం పెట్టాను. దాని వాసనకు నాకు మొదటి వారం తలనొప్పి. కొబ్బరికాయ కొడితే నీళ్లు కారలేదు. లోపల గుండ్రటి మంచుగడ్డ, గోలీలా. కుర్రాళ్లు దాన్ని బయటకు తీసి, ముక్కలు చేసి, అదే తీర్థమని చప్పరించారు. ఆ పోస్టులో నేను చేసిన పూజల్లో నాకు బాగా గుర్తుండేది అదే.

ఆ చలికాలం మంచు చరియ పడి పెట్రోల్‌కు, అంటే గస్తీకి, వెళ్లినవాళ్లలో ఒకడు పోయాడు. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు, ఇరవై మూడేళ్లు. రెండో రోజుకు దొరికాడు. వాడి బడీ, అంటే జోడీగా ఉండే జవాను, రాయలసీమవాడు. వాళ్లిద్దరి యాసలు కలిస్తే మాకు వినోదంగా ఉండేది. ఒకడు "ఏటి" అంటే ఇంకొకడు "ఏంది" అనేవాడు. ఆ రోజు నుంచి ఈ రాయలసీమ కుర్రాడు తిండి మానేశాడు. నేను పక్కన కూర్చుని, మా వంశంలో నాలుగు తరాల నుంచి చావింట్లో చెప్పే మాటే చెప్పాను. "వాడి రాత అంతవరకే తమ్ముడూ. బ్రహ్మ రాసింది ఎవరు తప్పిస్తారు?"

వాడు నా మొహంలోకి చూశాడు. "పంతులుగారూ, రాసింది బ్రహ్మ కాదు. మా నాయక్ రాసినాడు, డ్యూటీల రోస్టర్‌లో. ఆ పొద్దు పెట్రోల్ నాది. నాకు కాలు బాగలేదని చెప్పి మార్పించుకున్నా. నా కాలుకు ఏం కాలేదు."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. నా దగ్గరున్న గీత, గరుడపురాణం, పదహారు సంస్కారాలు, దేన్లోనూ రోస్టర్ లేదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచి మూసుకున్నాను. వాడు లేచి బయటికి వెళ్లిపోయాడు. రాత అనే మాట ఆ తర్వాత ఏ చావు దగ్గరా నేను వాడలేదు.

చనిపోయినవాడి సామాను లెక్కగట్టి ఇంటికి పంపాలి, దానికి ఒక కమిటీ ఉంటుంది. నేను సీవో సాబ్‌ను అడిగి ఈ కుర్రాణ్ణి కూడా సాయానికి కూర్చోబెట్టించుకున్నాను. నల్ల బక్సా తాళం పగలగొట్టారు. ఒక్కొక్కటీ తీసి వాడు చెప్పాలి, క్లర్క్ రాసుకోవాలి. రెండు జతల లోపలి బట్టలు. గడ్డం గీసుకునే బ్రష్షు, వెంట్రుకలు సగం ఊడినది. చెల్లెలి పెళ్లి శుభలేఖ, ఇంకా నాలుగు నెలలుంది. సగం అయిపోయిన తలనూనె సీసా. బిస్కట్ ప్యాకెట్టు రబ్బరు బ్యాండు వేసి. క్లర్క్ బిస్కట్లు రాయాలా వద్దా అని అడిగాడు. వాడు "రాయి" అన్నాడు. "ఎన్నున్నాయో లెక్కపెట్టి రాయి." తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది అని రాశారు. అప్పుడు ఏడ్చాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి. నేను పక్కనే కూర్చుని మిగతా సామాను నా చేత్తో తీసి ఇచ్చాను. మంత్రం చెప్పలేదు, వీపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

శవంతో పాటు ఊరికి వెళ్లిన జట్టులో మేమిద్దరం ఉన్నాం. దారిలో వాడు అడిగాడు, వాళ్లమ్మకు చెప్పాలా అని. అబద్ధం చెప్పమని నేను చెప్పలేను. నిజం చెప్పి నీ బరువు ఆవిడ మీద పెట్టమనీ చెప్పలేను. ఆ మాటే అన్నాను. "నీ బరువు దించుకోడానికైతే చెప్పొద్దు. ఆవిడ అడిగితే మాత్రం దాచొద్దు." ధర్మశాస్త్రంలో దీనికి ప్రమాణం చూపించమంటే చూపించలేను. ఆ రైల్లో నాకు తోచింది అదే.

ఊళ్లో జెండా కప్పిన పెట్టె, తుపాకుల గౌరవ వందనం, జనం, నాయకులు. కర్మ వాళ్ల ఊరి పురోహితుడే చేశాడు, నేను పక్కన నిలబడి అందించాను. జనం తగ్గాక ఆ తల్లి మా ఇద్దరికీ మంచినీళ్లిచ్చి కుర్రాణ్ణి ఒక్కటే అడిగింది: "ఆ పొద్దు ఏటైనా తిన్నాడా బాబూ?"

"తిన్నాడమ్మా. నా పూరీలు కూడా వాడే తిన్నాడు. నాకు బదులుగా పోతున్నా కదా, నీ పూరీలు నాకియ్యి అన్నాడు."

ఆవిడకు అర్థమైంది. నాకు తెలుసు అర్థమైందని. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది కాసేపు. తర్వాత లోపలికెళ్లి ఇంకో చెంబు నీళ్లు తెచ్చి, "కాళ్లు కడుక్కోండి, బోయినాలు చేసి వెళుదురు గాని" అంది.

నేను సర్వీసు ఇంకా ఉండగానే రిటైర్మెంట్ తీసుకుని వచ్చేశాను. నాన్నగారికి కళ్లు కనపడటం తగ్గింది, గుడి చూసేవాళ్లు లేరు. ఫోన్లు మాత్రం ఆగలేదు. అప్పుడప్పుడూ ఎవడో ఒకడు చేస్తాడు, "పండిత్‌జీ, కొడుకు పుట్టాడు, పేరు చెప్పండి" అనో, "ప్రమోషనొచ్చింది" అనో. కోపంతో నెల రోజులు మాట్లాడనివాడు కూడా చేశాడు, వాళ్ల కూతురి అక్షరాభ్యాసానికి ముహూర్తం కోసం. పాత సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రాయలసీమ కుర్రాడు మొన్నామధ్య చేశాడు. వాడిప్పుడు నాయక్. రోస్టర్ రాసే పని వాడి చేతికొచ్చింది.

"ఎవరైనా డ్యూటీ మార్చమని వస్తే ఏం చేస్తున్నావురా?" అని అడిగాను.

"మారుస్తా పంతులుగారూ. ఎందుకని అడగను. పాత పేరు కొట్టేసి, కొత్త పేరు రాసి, పక్కన నా సంతకం పెడతా. వాళ్లది కాదు, నాది."